ఊరి నవ్వు చౌకబారుది కాదు

హాస్యం గురించి మన దగ్గర ఒక తీర్పు చాలాకాలంగా చెలామణిలో ఉంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో నలుగురు కుర్రాళ్ళు కలిసి కేబుల్ లోకల్ ఛానల్‌కి ఊరి హాస్యకారుడితో ముఖాముఖిగా ఒక కామెడీ కార్యక్రమం చేస్తే అది చౌకబారు. అందులో ఒకడు మాటను విరిచి శ్లేష చెబితే అది కుళ్ళుజోకు. అసలైన హాస్యం కావాలంటే హైదరాబాదులో సెట్టు వెయ్యాలి, పేరున్న యాంకరుండాలి, జడ్జీలు పగలబడి నవ్వాలి. చదువుకున్నవాళ్ళూ ఛానళ్ళు నడిపేవాళ్ళూ ఇంచుమించు ఇదే మాట అంటున్నారు. ఈ తీర్పు తప్పు. మన భాషకు నష్టం చేస్తున్న తప్పు.

ముందు శ్లేష సంగతి చూద్దాం. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రామాయణ, భారత కథలు రెండింటినీ ఒకే పద్యాల్లో నడిపి ‘రాఘవపాండవీయము’ రాస్తే మహాకావ్యమని నెత్తిన పెట్టుకున్నాం. శ్రీశ్రీ ప్రాసలతో, మాటల విరుపులతో ఆడుకుంటూ రాసిన పుస్తకానికి ‘సిప్రాలి’ అని పేరు పెడితే మురిసిపోయాం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరిని అప్రస్తుత ప్రసంగానికే కూర్చోబెడతాం. అవధాని పద్యం ధ్యాసలో ఉండగా అడ్డుతగిలి అసందర్భపు ప్రశ్న వెయ్యడం ఆయన పని. తడుముకోకుండా, చాలాసార్లు శ్లేషతోనే, బదులివ్వడం అవధాని పని. హాస్యకారుడితో ముఖాముఖికి ఇంతకంటే పాత నమూనా ఎక్కడుంది? అవధానాలతో పేరుపడ్డ తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రిగారిది భీమవరం వైపు యండగండి. అవధాని గరికపాటి నరసింహారావుగారిది తాడేపల్లిగూడెం పక్కనే పెంటపాడు మండలం. సభలో శాలువా కప్పించుకున్న విద్యే లోకల్ ఛానల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే కుళ్ళుజోకు అయిపోతుందా? ఇక్కడ విద్య మారలేదు. చెప్పేవాడి హోదా మారింది, మన చూపు మారింది.

ఇది పండితుల సొత్తు కూడా కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటే, ఒకరి పని హాస్యం చెప్పడమే. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంత పోరాడినా, నవ్వించే కేతిగాడు తెరమీదికి రాకపోతే జనం ఒప్పుకునేవారు కాదు. కథను ఆపి, మాటను తిరగేసి, ఊరి సంగతి అంటించి నవ్వించేవాడికి మన ప్రతి కళారూపంలోనూ పీట వేసే ఉంది. టీవీ తెర మీదికి వచ్చేసరికే ఆ పీట లాగేస్తున్నాం.

శ్లేషకు ఒక గుణం ఉంది. వినేవాడికీ చెప్పేవాడికీ ఒకే మాట తెలిసి ఉంటేనే అది పేలుతుంది. కొల్లేటి ప్రాంతంలో రోహు చేపను శీలావతి అంటారు. కైకలూరులో ఒక హాస్యకారుణ్ణి “మీ ఇంట్లో పురాణ కాలక్షేపం ఉందాండీ?” అని అడిగారనుకుందాం. “ఎందుకు లేదండీ, ప్రతి ఆదివారం శీలావతి చరిత్రే, పులుసుతో సహా” అన్నాడనుకుందాం. అక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అదే మాట రాష్ట్రమంతా చూసే ఛానల్‌కి రాసి పంపితే, చేప పేరు అందరికీ తెలియదని కొట్టేస్తారు. ఒకచోట శీలావతి పోతుంది, ఇంకోచోట ఎర్రమోసు చేప పోతుంది, మరోచోట వరి పొలం మాట పోతుంది. ఎక్కడివాళ్ళకైనా అర్థమయ్యే మాటలే మిగులుతాయి. అలా వడగట్టిన తెలుగుతో పుట్టే హాస్యంలో అరుపులూ చెంపదెబ్బలూ తప్ప ఏముంటాయి?

డబ్బు లేనిదే నాణ్యత రాదంటారు. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ను జనం ఆదరించింది సెట్టింగులు చూసి కాదు. 2001 నుంచి 2007 దాకా నడిచిన ‘అమృతం’ సీరియల్ ఒక చిన్న హోటలు, రెండు కొంపల చుట్టూ తిరిగింది. శ్లేషకైతే ఖర్చే లేదు. ఉన్న కాస్త డబ్బూ శబ్దానికి పెట్టాలి. దీర్ఘం ఒకటి సరిగ్గా వినపడకపోతే, ఒత్తు ఒకటి జారిపోతే శ్లేష చచ్చిపోతుంది కనుక, రెండో కెమెరా కొనే ముందు ఇద్దరి చొక్కాలకీ చెరొక మంచి మైకు కొనాలి.

ముఖాముఖి చేసేవాడికీ నేర్పు కావాలి. అతిథి కంటే ముందే నవ్వకూడదు. మాట పడ్డాక కొన్ని క్షణాలు ఊరుకోవాలి, ఆ ఖాళీలోనే చూసేవాడికి రెండో అర్థం తడుతుంది. అక్కడ డప్పుల మోత అతికిస్తే ఆ క్షణం పోయినట్టే. ఆ తరవాత అసలు ప్రశ్నలు అడగాలి. ఈ మాట ఎక్కడ విన్నారు, మీ ఇంట్లో ఇలా మాట్లాడేది ఎవరు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో పేలిన జోకు పెళ్ళివారి విడిదిలో ఎందుకు పేలలేదు అని. అలా అడిగితే ఒక ప్రాంతం మాట్లాడే తీరంతా రికార్డవుతుంది.

శ్లేష పేరుతో బూతు చెబుతారన్న ఆక్షేపణ బలమైనదే. ఆడవాళ్ళనూ, కులాలనూ, అంగవైకల్యాన్నీ వెక్కిరించి నవ్వించేది ఎక్కడున్నా ఖండించాల్సిందే. కానీ ఆ రోగం భారీ ఖర్చుతో తీసే షోలకూ ఉంది. పైగా హైదరాబాదు స్టూడియోలో నోరు జారినవాడు ఎవరికీ ఎదురుపడడు. ఏలూరు లోకల్ ఛానల్లో రాత్రి ఒకరిని కించపరిచినవాడు తెల్లారి పవర్‌పేటలో వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడవాలి. ఆ బెరుకు ఏ సెన్సారూ పెట్టలేని హద్దు పెడుతుంది.

“టాలెంటుంటే సినిమాల్లోకి వెళ్ళేవాడుగా” అన్నది ఇంకో మాట. హాస్యనటులు రేలంగి వెంకట్రామయ్యగారు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలారు. మద్రాసు వెళ్ళి పద్మశ్రీ అందుకున్నా తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టి, 1975లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. నిడమర్రు నుంచి వచ్చిన ఎం.ఎస్. నారాయణ నటుడు కాకముందు భీమవరంలో తెలుగు లెక్చరరుగా పనిచేశారు. ఊరి నాటకం, ఊరి పాఠం లేనిదే వాళ్ళు లేరు. మరి వెళ్ళకుండా ఇక్కడే ఉండి జీవితమంతా నవ్వించినవాళ్ళ మాటలు ఎక్కడ దాచాం? జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ మాత్రం ఊరు దాటకుండానే, ఊరి యాసతోనే, గంగవ్వను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది.

ఫోనూ యూట్యూబూ ఉన్నాయిగా అంటారు. అవి కెమెరా ఇచ్చాయి. ఒకే ఊరివాళ్ళు ఒకే వేళకు కలిసి చూసే తెరను ఇవ్వలేదు. ఎక్కువమంది చూసిందే అక్కడ పైకి వస్తుంది కనుక శీలావతికి అక్కడా అదే గతి. సామాజిక రేడియోకు కేంద్రం 2002లో విద్యాసంస్థల వరకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియో నడిపి చూపించారు. టీవీకి అలాంటి విధానం ఇప్పటికీ లేదు. అదే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1994 నుంచి నడుస్తున్న సామాజిక ఛానల్ 31 ఆ దేశపు పేరున్న హాస్యకారులకు తొలి తెర అయింది.

కాబట్టి సామాజిక టీవీకి లైసెన్సు విధానం రావాలి. అది వచ్చేదాకా కేబుల్ ఆపరేటర్లు వారానికి అరగంట ఊరి హాస్యానికి కేటాయించాలి. కళాశాలలు చిత్రీకరణకు ఒక గది ఇవ్వాలి. సమీక్షకులు ఆ కార్యక్రమాలు చూసి, సినిమా గురించి రాసినంత శ్రద్ధగా రాయాలి. ఫలానా జోకు బాగాలేదంటే బాగాలేదనే రాయండి, ఎందుకో చెప్పండి, చేసేవాళ్ళు నేర్చుకుంటారు. చూడకుండానే ఊరి కామెడీ మొత్తాన్నీ చౌకబారని కొట్టిపారేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.