కంచే చేను మేస్తే

మా ఇంట్లో నీళ్ళు కాచే హీటరుకు నెల తిరిగేసరికి తెల్లని గార పడుతుంది. "ఈ బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. హీటరు మాత్రం బాగుంటుందా?" అంటుంది మా ఆవిడ. ఆ మాటలో సగం రసాయనశాస్త్రం ఇమిడి ఉంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బనేటు వేడి తగలగానే సున్నపురాయిగా మారి పేరుకుంటాయి. పంచదార వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతుంది. ఈ రాయి నైజం అందుకు పూర్తిగా వ్యతిరేకం.

ఇంట్లో అయితే నిమ్మరసం పోసి వదిలిస్తాం. ఫ్యాక్టరీ గొట్టాల్లో అది సాగదు. గార పట్టిన బాయిలరు గొట్టంలో నుంచి వేడి నీళ్ళకు సరిగా చేరదు. లోహం మితిమీరి కాలి చిట్లిపోతే పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు. అందుకని గార ఆపే మందు కలుపుతారు. ఫాస్ఫేట్లతో ఈ కిటుకు 1930లలో బయటపడింది. ఫాస్ఫోనేట్లు, పాలిమర్లు ఆ తర్వాత వచ్చాయి. తమాషా ఏమిటంటే, లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల మందు వందల మిల్లీగ్రాముల సున్నాన్ని కట్టడి చేస్తుంది. సున్నాన్ని తీసివెయ్యదు సుమా! అప్పుడే పుడుతున్న స్ఫటికం అంచులకు అతుక్కుని దాన్ని ఎదగనివ్వదు, అంతే.

ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా ఒకసారి బోర్లాపడ్డాను.

గోదావరి డెల్టాలో ఒక చిన్న ఫ్యాక్టరీ. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్ళు వాడుకున్నారు. కూలింగ్ టవరు గొట్టాల్లో గార మొదలైందని కబురొస్తే, "మందు రెట్టింపు చెయ్యండి" అని ఫోనులోనే చెప్పేశాను. పది రోజులకు గొట్టాలు మరింత పూడి యంత్రాలు ఆగిపోయాయి. నేను వెళ్ళేసరికి అక్కడి ముసలి ఆపరేటరు, "మందెక్కువైతే రోగం పోద్దాండీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

నీళ్ళు పరీక్ష చేయిస్తే సంగతి తేలింది. చారు మరిగినకొద్దీ ఉప్పెక్కినట్టు, టవరులో నీళ్ళు ఆవిరైనకొద్దీ ఖనిజాలు చిక్కబడతాయి. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరు నాలుగోవంతుకు ఇగిరితే 1200 అవుతుంది. ఫాస్ఫోనేటు పనిచేసేదే కాల్షియంమీది మక్కువవల్ల. కాల్షియం మరీ ఎక్కువైన చోట మందు కూడా ఎక్కువ పోస్తే, ఆ రెండూ కలిసి ముద్దకట్టి తామే గారగా దిగుతాయి. కంచే చేను మేసిందన్నమాట!

దానికి తోడు ఆ బోరు నీళ్ళలో ఇనుము. తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలాక ఎర్రబారే రకం. ఆ తుప్పు రేణువులకు పాలిమరు అంటుకుపోతుంది. పెళ్ళివంట విడిదిలోనే అయిపోతే పందిట్లో విస్తళ్ళకు ఏం మిగులుతుంది? ఇక మెగ్నీషియం, సిలికా జతకట్టిన గారయితే అది వేరే జాతి. సున్నాన్ని ఆపే మందుకు లొంగదు.

చివరకు ఇనుమును గాలి పట్టించి వడకట్టాం. చిక్కబడ్డ నీళ్ళు కొంత బయటికి వదిలి కొత్తనీరు పెట్టాం. కాల్షియాన్ని ఎక్కువ తట్టుకునే మందుకు మారి, మోతాదు తగ్గించాం. గొట్టాలు తోమించడానికైన ఖర్చు మాత్రం యజమానిది, తప్పు నాది. ఆయన నన్నొక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

కాలవ నీళ్ళకు కుదిరిన మోతాదు బోరు నీళ్ళకు కుదరదు; నిన్నటి బోరుకు కుదిరింది ఇవాళ్టి బోరుకు కుదరకపోవచ్చు. అందుకే, మందు ఎంత పొయ్యమంటారని ఎవరైనా ఫోను చేస్తే ఇప్పుడు నా జవాబు ఒక్కటే: "ముందు ఓ సీసాడు నీళ్ళు పంపించండి."