గింజ సగము, పాకము సగము

ఇంట బీరు కాచుకొనుటకు లైసెన్సు వలయునన్న 1880 నాటి కట్టడిని బ్రిటన్ 1963లో ఎత్తివేసినది. అయినను అక్కడి క్రొత్తవారు పలువురు నేటికిని డబ్బాలోని మాల్టుపాకమును నీట కలిపి, ఈస్టు చల్లి, బీరు చేసితిమని మురియుదురు. గింజ చేయు పనిని వారు చూచినదెక్కడ?

పాకమును సగమునకు తగ్గించి, మొలకెత్తించి యెండబెట్టిన బార్లీని నలుగగొట్టి, గుడ్డసంచిలో కట్టి, 66 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీట గంటసేపు ఉంచవలెను. గింజలోని ఎంజైములే పిండిని చక్కెరగా మార్చును. చప్పని నీరు తియ్యనగును. ఆ తీపిని నాలుకతో ఎరిగినవానికే బీరు తనదగును. వేడి 80 డిగ్రీలు దాటెనా, ఎంజైములు నశించును, పిండి పిండిగనే మిగులును. అప్పుడును బీరు పలుచనగునే గాని చేయి జారిపోదు, డబ్బాపాకము ఆదుకొనును. మొదటినాడే పూర్తిగింజ పద్ధతికి దిగి, పెద్దపాత్రలు కొని, విసిగి మానుకొనుట ఎందులకు?

రసమున పాకము కలిపి, హాప్స్ పూలతో గంటసేపు మరిగించి, చల్లార్చిన పిదపనే ఈస్టు చల్లవలెను.