లెక్కల మాస్టారు మింగేసిన పీటీ పీరియడ్

2023 జూలైలో అమెరికా బేస్‌బాల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో టొరంటో బ్లూ జేస్ జట్టు 20వ స్థానంలో ఎంచుకున్న అర్జున్ నిమ్మల తెలుగింటి కుర్రాడే. ‘మనోడే’ అని ఛాతీ విరుచుకోవడం మనకు అలవాటు. సరే, విరుచుకుందాం. కానీ ఆ పదిహేడేళ్ల వాడు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫ్లోరిడాలోని డోవర్‌లో స్ట్రాబెర్రీ క్రెస్ట్ అనే సర్కారు హైస్కూలు జట్టులో ఆడాడు. అతనిది షార్ట్‌స్టాప్ స్థానం: రెండో, మూడో బేస్‌ల మధ్య కాచుకుని, నేలబారున దూసుకొచ్చే బంతిని వంగి అందుకుని, లేస్తూనే మొదటి బేస్‌కు విసరాలి. హోసూరు, కృష్ణగిరి వీధుల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే మన పిల్లల చేతుల్లోనూ ఆ చురుకుంది. లేనిదల్లా పీటీ పీరియడే. టైంటేబుల్‌లో ఉన్నా లెక్కల మాస్టారు లాగేసుకుంటారు. హెడ్మాస్టర్లూ, పదో తరగతి అయినా సరే, ఆ పీరియడ్ పిల్లలకు వదిలేయండి.