వంశం మీద నెపం
"మా వంశంలోనే షుగర్ ఉందండీ" అంటూ మూడో లడ్డూ అందుకునేవాళ్లను చూస్తే నాకు జాలి కన్నా చిరాకే ఎక్కువ. వంశం మాట అబద్ధమేం కాదు. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు పట్టుకున్న టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని తేడా మనవాళ్లలోనూ షుగర్ ముప్పు పెంచుతుందని మరుసటి ఏడాదే హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పుణే వైద్యులతో కలిసి చూపించారు. కానీ అదే 2006లో అమెరికాలో తేలిన సంగతిని మాత్రం ఎవరూ తలుచుకోరు: ఆ తేడాను అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా తెచ్చుకున్నవాళ్లు సైతం తిండి మార్చి, బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే ఆ అదనపు ముప్పు చాలావరకు కనబడలేదు. ఇక వేలు పోసి చేయించుకునే జన్యు పరీక్షలంటారా, వాటి లెక్కలు చాలావరకు యూరప్ జనం మీద కట్టినవి. అమ్మేవాళ్లు ఆ ముక్క పెద్దక్షరాల్లో వెయ్యరు. నడుము కొలిచే టేపు, ఏటా ఒక రక్తపరీక్ష ఆ జన్యు పరీక్షలకన్నా చవక.