ఆర్‌ఆర్ ఊరికే కొట్టిపెట్టే కుర్రాడు కావలెను

ఇండిపెండెంట్ సినిమాలు తీసే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వారం కూడా ఆ ప్రకటనే తిరిగింది. గంటన్నర సినిమా, షూటింగ్ పూర్తయింది, ఎడిట్ లాకైంది, ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, చేసే సంగీత దర్శకుడు కావాలి. పారితోషికం ఇవ్వలేరు, టైటిల్స్‌లో పేరు మాత్రం వేస్తారు. గడువు ఐదు రోజులు. చివర్లో చేతులు జోడించిన బొమ్మ.

ఆ బొమ్మ దగ్గరే ఒళ్లు మండుతుంది. ఇదే సినిమాకు కెమెరా అద్దె ఏ రోజుకారోజు కట్టి ఉంటారు. అడ్వాన్స్ అందందే డ్రోన్ వాడు పెట్టె తెరవడు. యూనిట్‌కు భోజనం పంపే మెస్సుకు రెండు రోజులు బాకీ పెడితే మూడో రోజు క్యారియర్ రాదు. అందరి లెక్కలూ తేలి, జేబు అడుగంటాక సంగీతం గుర్తొస్తుంది. బడ్జెట్ రాసుకున్న కాగితంలో దానికో గడి కూడా ఉండదు.

పైగా ఒక వాదన. "అంతా ల్యాప్‌టాప్‌లోనే కదా బ్రో, ఖర్చేముంది?" సామాను చౌకైన మాట నిజమే. రీపర్ సాఫ్ట్‌వేర్ వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. స్పిట్‌ఫైర్ ల్యాబ్స్ వాయిద్యాల్లో ఎన్నో ఉచితం. ఆ మాటకొస్తే స్క్రిప్టు రాసిన పెన్ను పది రూపాయలే. ఖరీదంతా మనిషి కూర్చునే గంటలది. చేయి తిరిగినవాళ్లు సైతం రోజుకు రెండు నిమిషాల సంగీతం పూర్తిగా తేల్చితే గొప్పే. గంటన్నర సినిమాలో నలభై నిమిషాల ఆర్‌ఆర్ అనుకున్నా ఇరవై రోజుల పని. ఆ తర్వాత ఎడిటర్ ఒక సీన్లో రెండు సెకన్లు కోస్తాడు, కట్టిన తాళమంతా పక్కకు జరుగుతుంది. 'లాకైన ఎడిట్' అనేది ఇంతవరకూ ఎవరూ చూడని వస్తువు.

నాలుగు పుస్తకాలు చదివిన దర్శకుడైతే 'పథేర్ పాంచాలి'ని అడ్డం పెట్టుకుంటాడు. 1955లో వచ్చిన ఆ సినిమాకు రవిశంకర్ దాదాపు ఒక్క రాత్రిలోనే సంగీతం ఇచ్చేశారు కదా అని. ఇచ్చారు. అవతల ఉన్నది రవిశంకర్, ఇవతల ఎక్కడ ఏది కావాలో చెవిలో స్పష్టంగా వినిపిస్తున్న సత్యజిత్ రే. అప్పటికీ ఆ రాత్రి చాలలేదు. మిఠాయిలవాడి వెంట పిల్లలు నడిచే చోట సితార్ వాయించింది ఆ సినిమాకు కెమెరా పట్టిన సుబ్రత మిత్ర. ఇక 1961లో 'తీన్ కన్యా' నుంచి రే తన సినిమాల సంగీతం తానే చేసుకున్నారు. ఒక్క రాత్రి పద్ధతి అంత గొప్పదైతే ఆయనే దాన్ని వదులుకునేవారు కాదు.

అసలు ఇలాంటి ప్రకటన పట్టుకుని వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కడా కనిపించరు. కనిపించేవన్నీ జంటలు. తరుణ్ భాస్కర్ 'సైన్మా' అనే షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు సంగీతం వివేక్ సాగర్‌ది. ఆ జంటే 2016లో 'పెళ్లిచూపులు', 2018లో 'ఈ నగరానికి ఏమైంది', 2023లో 'కీడా కోలా' చేసింది. అడివి శేష్ 2013లో 'కిస్' తీస్తే ఆడలేదు. దానికి పనిచేసిన శ్రీచరణ్ పాకాల ఆ తర్వాత 'క్షణం'లో, 'గూఢచారి'లో, 'మేజర్'లో ఆయన పక్కనే ఉన్నాడు. అమెరికాలో కోయెన్ సోదరులు 1984లో 'బ్లడ్ సింపుల్'తో మొదలైతే, సినిమా సంగీతం ముందెన్నడూ చేయని కార్టర్ బర్వెల్ కూడా దానితోనే మొదలయ్యాడు. దర్శకుడు డేమియన్ షజెల్, సంగీత దర్శకుడు జస్టిన్ హర్విట్జ్ హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒకే బ్యాండులో వాయించుకున్నారు. 'లా లా లాండ్' సంగీతానికి హర్విట్జ్ అందుకున్న రెండు ఆస్కార్ల కథ ఆ కాలేజీలోనే మొదలైంది.

కాబట్టి కీబోర్డు కొన్న కుర్రాడు వెతుక్కోవాల్సింది నిర్మాతను కాదు, తన వయసున్న దర్శకుణ్ణి. స్క్రిప్టు దశలోనే పక్కన కూర్చోనిచ్చేవాణ్ణి. అలాంటి స్నేహితుడి మొదటి సినిమాకు డబ్బు తీసుకోకపోయినా తప్పు లేదు, ఎందుకంటే అక్కడ ఆకలి ఇద్దరిదీ. ముక్కూ మొహం తెలియనివాడికి ఐదు రోజుల్లో ఊరికే కొట్టిపెట్టడం మాత్రం శుద్ధ దండగ.

ఇక రిఫరెన్స్ అనే జాడ్యం సంగతి. ఎడిటర్ కోతలు కోస్తూ సీన్ల కింద చేతికందిన సంగీతం పరుస్తాడు. శ్రీకాకుళం రేవులో పడవ తోస్తున్న ముసలాయన కింద 'ఇంటర్‌స్టెల్లార్'లోని హాన్స్ జిమ్మర్ ఆర్గాన్ మోగుతుంది. మూడు నెలలు అదే వింటూ కూర్చున్న దర్శకుడికి ఆ పడవ పుట్టిందే ఆ ఆర్గాన్ కోసమనిపిస్తుంది. అప్పుడు కొత్త కుర్రాణ్ణి పిలిచి, అచ్చం అలాగే ఉండాలి, అయితే అదే కాకూడదు అంటాడు. ఆ చట్రంలో ఇళయరాజాను కూర్చోబెట్టినా ఊపిరాడదు. కుబ్రిక్ అంతటివాడికే ఈ జబ్బు తగిలింది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ చేత సంగీతం చేయించుకుని, దాన్ని పక్కన పడేసి తాత్కాలికంగా వాడుకున్న పాత రికార్డులనే ఉంచేశాడు. తన సంగీతం లేదన్న సంగతి నార్త్‌కు 1968లో సినిమా ప్రదర్శనకు వెళ్లి కూర్చున్నాకే తెలిసింది. రిఫరెన్స్ లేకుండా ఒక్కసారి మూగగా సినిమా చూపించి, 'నీకేం వినిపిస్తోంది' అని అడిగే దర్శకుడు దొరికితే వాణ్ణి వదలకూడదు. సింగీతం వారి 'పుష్పక విమానం'లో మాటే లేదు. ఎల్. వైద్యనాథన్ సంగీతం అక్కడ ఎంత మోసిందో మళ్లీ చూస్తే తెలుస్తుంది. అది ఎక్కడ నోరు మూసుకుందో గమనిస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

మన జనానికి పాట ఎవరిదో తెలుసు, ఆర్‌ఆర్ ఎవరిదో అక్కర్లేదు. 'అర్జున్ రెడ్డి' పాటలు రధన్ చేస్తే, ఆర్‌ఆర్ చేసింది హర్షవర్ధన్ రామేశ్వర్. ఆ పేరు చాలామంది చెవిన పడటానికి 'యానిమల్' రావాలి, 71వ జాతీయ అవార్డుల్లో నేపథ్య సంగీతానికి ఆయన్ని ఎంపిక చేయాలి. జాతీయ అవార్డులే 2009 సినిమాల దగ్గర గానీ పాటలకొకటి, నేపథ్య సంగీతానికొకటి అని స్థిరంగా విడదీయలేదు. ఆ ఏడాది నేపథ్య సంగీతం అవార్డు 'పళశ్శి రాజా'కు ఇళయరాజా అందుకున్నారు.

'పేరు వేస్తాం' అనే జీతం సంగతి కూడా చూద్దాం. థియేటర్లో చివరి టైటిల్స్ మొదలవ్వగానే లైట్లు వేసి తలుపులు తీస్తారు. ఓటీటీలోనైతే పేర్లు పైకి ఎక్కకముందే తెర ముడుచుకుపోయి, తర్వాత చూడాల్సిన సినిమా వచ్చి కూర్చుంటుంది. జీతంగా ఇచ్చింది ఆ పేరొక్కటే, దాన్నీ చదవనివ్వరు.

డబ్బు రాకపోయినా కాగితం రాయించుకోవాలి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు సంగీతకారులకూ గీత రచయితలకూ ఒక హక్కు దక్కింది. సినిమా హాల్లో సినిమాతో కలిపి వేసినప్పుడు తప్ప, మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో వాళ్లకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటా వద్దని రాసిచ్చినా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ బదలాయించలేరు. హక్కులు ఎంతకాలానికో ఒప్పందంలో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. చిన్న సినిమా హాల్లో ఆడేది నాలుగు రోజులు, దాని బతుకంతా టీవీలోనూ ఫోన్లలోనూ. అంటే ఈ చట్టం అందరికంటే ఎక్కువ పనికొచ్చేది ఇండిపెండెంట్ సినిమాకు ఆర్‌ఆర్ చేసే కుర్రాడికే. తెలుగులో ఆ నాలుగు వాక్యాలు అతనికి చదివి వినిపించే నాథుడు లేడు. కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోమనీ, ఏ సీన్లో ఎన్ని సెకన్ల సంగీతం ఎవరిదో చూపించే క్యూ షీట్ రాసిపెట్టుకోమనీ చెప్పేవాడు అసలే లేడు.

చెప్పాల్సింది ఎవరు? ఇక్కడ మన ప్రభుత్వ సంగీత కళాశాలలను అడగక తప్పదు. విజయనగరంలో 1919లో మహారాజా వారు పెట్టిన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన చోటు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని చదువుకున్న చోటు. విజయవాడ కళాశాలకైతే ఏకంగా ఘంటసాల పేరే పెట్టారు. బోర్డు మీద సినిమా సంగీత దర్శకుడు, లోపల గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, కూచిపూడి. ఇవి నేర్పొద్దని ఎవరూ అనరు, ఇవి రానివాడికి ల్యాప్‌టాప్ ఇచ్చినా దండగే. కానీ ఆ వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి మైకు ముందు క్లిక్ వింటూ వాయించడం ఎక్కడ నేర్చుకోవాలి? చెన్నైలో రెహమాన్ 2008లోనే కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ తెరిచాడు. స్థోమత ఉన్నవాళ్లు రైలెక్కి అక్కడికి పోతున్నారు, లేనివాళ్లు యూట్యూబ్ చూసి నేర్చుకుని ఆ వాట్సాప్ ప్రకటనలకు దొరికిపోతున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకూ ఒక విన్నపం. శబ్దం బయటికి పోని గది ఒకటి, మంచి మైకులు నాలుగు, కంప్యూటర్ ఒకటి, నెలకోసారి వచ్చి ఒప్పందం ఎలా చదవాలో చెప్పే లాయరు ఒకరు. ఈ ఏడాది బడ్జెట్‌లో ఒక్క కళాశాలకైనా ఇవి ఇవ్వండి. విజయనగరంతో మొదలుపెడితే మరీ మంచిది.