క్షమించాడు సరే, తమ్ముడి ఫీజు ఎవరు కడతారు?

  ఈ గ్రూపులో క్రైస్తవులు కానివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. ఎవరినీ మతంలోకి పిలవడానికి ఇది రాయడం లేదు. మా యూత్ మీటింగుల్లో ఒక పాఠం సగమే చెబుతున్నారని అనిపించి రాస్తున్నాం.

పోయిన ఏడాది మా హాస్టల్లో ఒక సీనియర్ అన్న, ఆన్‌లైన్లో కడతానని ముగ్గురు జూనియర్ల దగ్గర పరీక్ష ఫీజు తీసుకుని వాడేసుకున్నాడు. ఆఖరి తేదీ దాటాక గానీ విషయం తెలియలేదు. ఇళ్లల్లో మళ్లీ అప్పు చేసి, ఫైన్‌తో కలిపి కట్టారు. ఒక తమ్ముడి వాళ్లమ్మ, ఇంకా చెట్టు మీదున్న జీడిపిక్కల మీద షావుకారి దగ్గర డబ్బు తెచ్చింది. గుడ్ ఫ్రైడేకి ముందు జరిగిన యూత్ రిట్రీట్‌లో ఆ అన్న ముందుకొచ్చి ఏడ్చాడు. తన అప్పంతా యేసయ్య సిలువ మీద తీర్చేశాడని సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ముగ్గురూ వెనక వరసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ల అప్పు మాత్రం అలాగే ఉంది.

ఆ అన్న ఏడుపు దొంగ ఏడుపని మేము అనడం లేదు. అతనికి నేర్పిందే అంత. మాకూ అంతే నేర్పారు: "యేసు మన పాపాలకు ప్రాయశ్చిత్తం చేశాడు, నమ్మితే అయిపోయింది."

అసలు ఆ మాట దగ్గరే చిక్కు ఉంది. మామూలు తెలుగులో ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేసినవాడు తనే చేసుకునేది. సంఘంలో అదే మాట, మన కోసం ఇంకొకరు చేసినదానికి వాడతారు. ఈ తేడా ఎవరూ విప్పి చెప్పరు. దాంతో కొందరు ఉపవాసాలుండి, ఏడ్చి దేవుడికి జరిమానా కట్టాలనుకుంటారు. ఇంకొందరు వేరేవాళ్లు కట్టేశారు కాబట్టి మనకు పనేం లేదనుకుంటారు. మా దృష్టిలో రెండూ పొరపాటే.

బైబిల్లోనే చూద్దాం. లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినం ఉంది. రెండు మేకలు తెస్తారు. ఒకటి బలి. రెండోదాని తల మీద యాజకుడు చేతులుంచి, జనం పాపాలు ఒప్పుకుని, అరణ్యంలోకి పంపేస్తాడు. ఇది మా మీటింగుల్లో బాగానే చెబుతారు. కానీ అదే పుస్తకం 6వ అధ్యాయం ఎవరూ తెరవరు. పొరుగువాడిని మోసం చేసి తీసుకున్నవాడు, ముందు ఆ సొమ్ము పూర్తిగా తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి, దాంతోపాటు పొట్టేలును తేవాలి అని అక్కడ ఉంది. అంటే వెయ్యి తీసుకుంటే పన్నెండొందలు. సొమ్ము దగ్గర ఉంచుకుని పొట్టేలును మాత్రం తెస్తే కుదరదు.

యూదులు ఇప్పటికీ ఈ దినాన్ని యోమ్ కిప్పూర్ పేరుతో ఆచరిస్తారు. వాళ్ల పాత ధర్మగ్రంథం మిష్నాలో ఒక తీర్పు ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న తప్పులకు ఆ రోజు చాలు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తప్పులకైతే, ముందు ఆ మనిషిని శాంతపరచాల్సిందే. యేసు మాట కూడా దీనికి దగ్గరే. మత్తయి 5వ అధ్యాయంలో, నీ అర్పణ బలిపీఠం దగ్గర వదిలి, ముందు నీ సహోదరుడితో సమాధానపడి రమ్మంటాడు.

యేసు మరణం మనల్ని దేవుడితో ఎలా కలిపిందో సంఘం ఎప్పుడూ ఒకే బొమ్మతో చెప్పలేదు. ఇంగ్లండులో ఆర్చిబిషప్‌గా పనిచేసిన అన్సెల్ము 11వ శతాబ్దం చివర, ప్రభువుల గౌరవానికి కలిగిన లోటు తీర్చడం అనే పోలికతో చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో అబెలార్డు, సిలువ మీద కనబడిన ప్రేమే మన గుండెను మారుస్తుందన్నాడు. 16వ శతాబ్దంలో కాల్విను, మన శిక్షను ఆయన భరించాడని కోర్టు భాషలో చెప్పాడు. 1930లో స్వీడన్‌కు చెందిన ఔలెన్ అనే పండితుడు, చెడు శక్తుల మీద క్రీస్తు గెలుపు అనేదే పాత సంఘం ముఖ్యంగా చెప్పిన బొమ్మ అని రాశాడు. ఎవరి కాలంలో ఉన్న పోలికతో వాళ్లు అర్థం చేసుకున్నారు. మరి మాకు అప్పు పోలిక ఒక్కటే ఎందుకు?

ఏజెన్సీలో అప్పు అంటే మామూలు మాట కాదు కదా. విశాఖ ఏజెన్సీలో అప్పు కింద మనిషి పనికి కట్టుబడటాన్ని గొత్తి అనేవాళ్లు. 1976లో వచ్చిన వెట్టి చాకిరీ నిర్మూలన చట్టంలో వెట్టి, జీత, పాలేరు, భగేలా అనే పేర్లు ఉన్నాయి. అలాంటిచోట, దేవుడు లెక్క పుస్తకం పట్టుకుని రక్తం వచ్చేదాకా వదలనివాడు అన్నట్టు పిల్లలకు చెబితే, వాళ్లకు కనబడేది తండ్రి కాదు, షావుకారు. మార్కు 10వ అధ్యాయంలోని "విమోచన క్రయధనము" అనే మాట మాత్రం మన గుండెకు తగులుతుంది. అది బానిసను విడిపించే సొమ్ము. వెట్టి నుంచి విడిపించినవాడు అని చెబితే మా తాతకు కూడా అర్థమవుతుంది.

ఇంకో బొమ్మ మన ఊళ్లల్లోనే ఉంది. కట్టు దాటినవాడిని పెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు. ఒప్పుకుంటాడు, తప్పు కడతాడు. తర్వాత అందరితో కలిసి భోజనం. ఆ పంక్తిలో కూర్చున్నాక అతను మళ్లీ మనవాడు. ఇందులో లోపాలు లేవని కాదు. పేదవాడి మీద పెద్ద తప్పు పడుతుంది, ఆడవాళ్ల మాట సరిగ్గా వినరు. అయినా విడిపోయినవాడిని మళ్లీ కలుపుకోవడమే చివరి గురి అని మన పెద్దలకు తెలుసు. 2 కొరింథీ 5వ అధ్యాయంలో పౌలు చెప్పేదీ ఇదే, "సమాధానపరచడం". ఇప్పటి పిల్లలకు సమాధానం అంటే ప్రశ్న కింద రాసే జవాబు. ఇక్కడ దాని అర్థం, తెగినదాన్ని కలపడం.

ఒక అన్న మమ్మల్ని అడిగాడు: "ఇలా చెబితే డబ్బు తిరిగిచ్చి క్షమాపణ కొనుక్కోవడం అవుతుంది కదరా?" మంచి ప్రశ్నే. లూకా 19లో జక్కయ్యను చూడండి. అతను ఏమీ తిరిగివ్వకముందే యేసు అతని ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాతే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. కృప ముందు వచ్చింది, సొమ్ము దాని వెనక వచ్చింది. తిరిగివ్వడంతో క్షమాపణ కొనలేం. కానీ క్షమాపణ నిజంగా లోపలికి దిగితే చెయ్యి జేబులోకి వెళ్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆడపిల్లకు అన్యాయం జరిగినప్పుడు "ప్రార్థన చేసి ఇక్కడితో మూసేద్దాం, నువ్వు క్షమించెయ్యమ్మా" అనడం ప్రాయశ్చిత్తం కాదు. అది తప్పు చేసినవాడిని దాచడం. క్షమించమని ఆ చెల్లి మీద ఒత్తిడి పెట్టే హక్కు ఎవరికీ లేదు. కేసు పెట్టాలంటే మనం వెంట వెళ్లాలి.

అందుకని పాస్టరు గార్లను, యూత్ లీడర్లను మూడు అడుగుతున్నాం. లేవీయకాండము 16 చెప్పిన రోజే 6వ అధ్యాయం కూడా చెప్పండి. సాక్ష్యం చెప్పేవాడిని, నష్టపోయినవాళ్లను కలిశావా అని ముందు అడగండి. మన ఊరి బలులను దయ్యాల పని అని వెక్కిరించి ఈ పాఠం మొదలుపెట్టకండి. మన పాఠంలో కూడా మేక ఉంది. క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడు కాబట్టి మేము బలి ఇవ్వం అని హెబ్రీ పత్రిక చూపించి చెప్పొచ్చు. దానికి అమ్మమ్మను, తాతను తక్కువ చేయనక్కర్లేదు.

మా హాస్టల్ సంగతి. రిట్రీట్ అయ్యాక మేము నలుగురం ఆ అన్న దగ్గరికి వెళ్లి, చప్పట్లు కొట్టి మేమూ తప్పు చేశామని చెప్పాం. ముందు కోపం చేశాడు. వేసవి సెలవుల్లో పనికి వెళ్లొచ్చి ఇద్దరికి ఫైన్‌తో సహా ఇచ్చాడు. మూడో తమ్ముడికి సగం ఇచ్చాడు, సగం ఉంది. ఆ తమ్ముడు ఇంకా అన్నతో పెద్దగా మాట్లాడడు. మేమూ తొందరపెట్టడం లేదు. మొన్న మెస్‌లో చోటు లేక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఎవరూ లేచి వెళ్లలేదు.

మేము రాసినదాంట్లో పొరపాటు ఉంటే పెద్దలు చెప్పండి, దిద్దుకుంటాం.