కల్పల్లిలో ఉన్న మన రాష్ట్రపతి

పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో చిన్న గొడవ అయింది. హిందూపురం నుంచి చిన్నాయన ఒక మెసేజ్ పెట్టాడు. "నీలం సంజీవరెడ్డిగారి సమాధి మీ బెంగళూరులో, కల్పల్లి శ్మశానంలో ఉంది. మీలో ఒక్కరైనా పోయి చూశారా? మీకు చేతకాకపోతే చెప్పండి, మా అనంతపురానికి తెచ్చుకోని గుడి మాదిరి కట్టుకుంటాం." దాని కింద మా పిన్ని కూతురు, ఇంజనీరింగ్ చదివే పిల్ల, "ఎవరాయన?" అని అడిగింది. చిన్నాయన రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. నాకు మాత్రం ఏం తెలుసు? నేను కన్నడ మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగం వచ్చినాక, మా అవ్వ దగ్గర కూర్చోని. స్కూల్లో సంజీవరెడ్డిగారు ఒక మార్కు ప్రశ్న, అంతే. "అవిరోధవాగి ఆయ్కెయాద రాష్ట్రపతి యారు?" పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఎవరు? పేరు రాసేది, మార్కు తీసుకునేది. ఆయన మా సీమ మనిషని, మా ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడేవారని ఏ టీచరూ చెప్పలేదు. మా ఇంట్లో వాళ్లూ చెప్పలేదు.

ఆయన పోయిన రోజు 1996 జూన్ 1. అదే రోజు ఢిల్లీలో దేవేగౌడగారు ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. కర్ణాటక నుంచి ప్రధాని అయిన మొదటి మనిషి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా వీధంతా ఆ సంతోషంలో ఉన్నట్టు గుర్తు. అదే ఊర్లో న్యుమోనియాతో 83 ఏళ్ల మాజీ రాష్ట్రపతి కన్ను మూశారనేది నా చిన్నతనం జ్ఞాపకాల్లో ఎక్కడా లేదు.

చిన్నాయన మెసేజ్ చూసినాక నేను చదవడం మొదలుపెట్టాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అందరూ "సరిగ్గానే ఉంది" అని దాటిపోయిన చోట ఆగి చూడడమే నాకు జీతం. ఈయన జీవితంలో నాకు ఆగి చూడాల్సిన చోట్లు చాలా దొరికాయి.

పుట్టింది 1913 మే 19న, అనంతపురం జిల్లా ఇల్లూరులో. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ల స్కూలు, తర్వాత అనంతపురం కాలేజి. 1931లో చదువు వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలోకి దిగారు. 1940 నుంచి 45 మధ్య ఎక్కువ కాలం జైల్లోనే. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన్ను ఓడించింది ఎవరనుకున్నారు? సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి! ఇట్లాంటి కథ మన పెళ్లిళ్లలో ఒక రాత్రంతా చెప్పుకోవచ్చు, మనమేమో ఒక మార్కు ప్రశ్న చేసి వదిలేశాం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడు, మళ్లీ ముఖ్యమంత్రి, కేంద్ర మంత్రి, స్పీకరు.

పదవుల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది ఆయన పదవులు వదిలిన తీరు. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల తర్వాత ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయారు. 1967లో మన హిందూపురం నుంచే లోక్‌సభకు గెలిచి స్పీకరు అయ్యారు. స్పీకరు ఏ పార్టీ మనిషీ కాకూడదని కాంగ్రెస్ సభ్యత్వమే వదులుకున్నారు. అంతకుముందు ఏ స్పీకరూ ఆ పని చేయలేదు. 1969లో రాష్ట్రపతి ఎన్నికకు నిలబడడానికి ఆ పదవీ వదిలారు. సొంత పార్టీ అభ్యర్థి అయి ఉండి కూడా, ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యమని చెప్పడంతో వి.వి.గిరిగారి చేతిలో ఓడిపోయారు. ఓట్ల విలువలో తేడా 14,650. అక్కడనుంచి నేరుగా అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు.

1977లో మళ్లీ వచ్చారు. ఆంధ్రలో ఉన్న 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్‌కు 41 పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, అది ఈయనది. ఆ ఏడాది జూలై 25న రాష్ట్రపతి అయ్యారు. జీతంలో 70 శాతం వదులుకుంటానని ప్రకటించారు. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి గెలిస్తే, ఆమెతో ప్రధానిగా ప్రమాణం చేయించింది ఈయనే. పదకొండేళ్ల కిందట తన ఓటమికి కారణమైన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆ ప్రమాణం చదివించడం ఎట్లా ఉంటుందో నేను చాలాసేపు ఆలోచించాను.

అన్నీ మెచ్చుకునేవే అని నేను అనను. 1979లో చరణ్‌సింగ్ ప్రభుత్వం పార్లమెంటు ముఖం చూడకుండానే రాజీనామా చేసింది. అప్పుడు జగ్జీవన్‌రామ్‌కు ఒక అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేయడం నాకు సరి అనిపించదు. ఒక దళితుడు ఈ దేశానికి ప్రధాని అయ్యే దారి ఆ రోజు మూసుకుపోయింది. చిన్నాయనకు ఈ మాట నచ్చదని తెలుసు. అయినా మన మనిషి అని చెప్పుకోవాలంటే మంచీ చెడ్డా రెండూ మనవే కదా.

ఇంక అసలు సంగతి, సమాధి. పదవీ కాలం అయినాక, అప్పటి మన ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు బెంగళూరులో ఉండమని పిలిచారట. ఈయన ఒప్పుకోలేదు, అనంతపురం తోటకే పోయారు. కడకు ప్రాణం పోయింది బెంగళూరులో, మట్టి అయిందీ బెంగళూరులోనే.

చిన్నాయన వాదం ఇక్కడే. మనసు అనంతపురంలో ఉన్న మనిషిని ఇక్కడ ఎందుకు ఉంచాలి? కలాంగారికి రామేశ్వరం దగ్గర పేయ్‌కరుంబులో ఎంత పెద్ద స్మారకం కట్టారు! జాకిర్ హుసేన్‌గారు జామియా విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉన్నారు. మన ఆయనకేం తక్కువ?

నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే మా తాత సంగతి చెప్పాలి. తాత పోయినప్పుడు కూడా చిన్నాయన ఇదే మాట అన్నాడు. మడకశిర దగ్గర మనకు చేను ఉంది, ముత్తాతలంతా ఆ గట్టు మీదే ఉన్నారు, అక్కడికే తీసుకుపోదాం అన్నాడు. బండి కూడా మాట్లాడినాడు. మా అవ్వ ఒప్పుకోలేదు. "ఆయన యాభై ఏండ్లు ఈ ఊరి నీళ్లు తాగినాడు. నేను ఈడ ఉంటే ఆయన్ను ఆడ పెట్టి, ఏడాదికొకసారి బస్సెక్కి పోయి చూసి రావాలనా?" అనింది. తాతను బెంగళూరులోనే పెట్టాం. చిన్నాయన ఏడాది పాటు మా గడప తొక్కలేదు.

అప్పుడు నాకు అవ్వ మాట అంత అర్థం కాలేదు, ఇప్పుడు అవుతోంది. సమాధి ఎక్కడుంటే బాగుంటుందని కాదు ఆమె అడిగింది. దాని దగ్గరికి ఎవరు పోతారని అడిగింది. సంజీవరెడ్డిగారి విషయంలో నా జవాబు కూడా అదే. ఎముకలు తవ్వుకోని పోవద్దు, గుడీ కట్టొద్దు. సొంతంగా జీతం తగ్గించుకున్న మనిషికి పాలరాయి మంటపం నప్పదు. మామూలు జనం మధ్య శ్మశానంలో ఉండడం ఆయనకు అవమానమని నేను అనుకోను. అవమానం మనం పోకపోవడమే. అనంతపురం వాళ్లకు ఆయన బెంగళూరులో ఉన్నారు, దూరం. బెంగళూరు కన్నడిగులకు ఆయన ఆంధ్ర మనిషి. రెండు వైపులా కాలు పెట్టి నిలబడింది మనలాంటి ఇండ్లే, నాలుగు తరాలుగా ఇక్కడున్న తెలుగు వాళ్లం. మనం పోకపోతే ఇంకెవరు పోవాలి?

మొన్న ఆదివారం నేను పోయి వచ్చాను. కల్పల్లి అంటే హలసూరు దాటి, పాత మద్రాసు రోడ్డు వైపు. ఆటో ఆయన తుమకూరు వైపు మనిషి. ఎవరి సమాధి అని అడిగితే చెప్పాను. "రాష్ట్రపతిగళా? ఇల్లా?" అని రెండు మాట్లు అడిగాడు. దారి పొడుగునా నాకొచ్చిన కన్నడలో నంద్యాల కథ, బావమరిది కథ చెప్పాను. దిగేటప్పుడు తన కొడుక్కి చెప్తానని, పేరు ఫోన్లో టైపు చేయించుకున్నాడు. నేను కన్నడ లిపిలోనే టైపు చేసి ఇచ్చాను. స్కూల్లో ఒక మార్కు కోసం రాసిన పేరే, ఈసారి ఎందుకో చెయ్యి కొంచెం వణికింది.

మా గ్రూపులో ఒక మాట పెట్టాను. జూన్ 1న వీలైనవాళ్లు కల్పల్లికి రండి. పూలదండ ఒకటి చాలు, భాషణాలు వద్దు. పిల్లలకు ఆయన కథ చెప్పేది నేను చూసుకుంటాను. "ఎవరాయన?" అన్న పిల్లే అందరికంటే ముందు వస్తానని రాసింది. చిన్నాయన రెండు రోజులకు జవాబిచ్చాడు. పొద్దున రైలుకు వస్తాడంట, స్టేషనుకు ఎవరైనా రావాలంట. తాతను కూడా చూసి పోతానన్నాడు. ముందు తాత దగ్గరికా, కల్పల్లికా అనేది ఇంకా తేలలేదు.